దైవవాక్కు ముందా, సామెత ముందా?

సామెతకు పుట్టుక కథ దొరికితే మనకు తృప్తిగా ఉంటుంది. ఆ కథను ఎంతవరకు నమ్మవచ్చో ఈ భాగంలో పరిశీలిద్దాం.

‘ప్రతి రాయినీ కదిలించు’ అనేది ప్రాచీన గ్రీకు సామెత. ఏ ప్రయత్నాన్నీ వదలవద్దని దీని భావం. క్రీ.పూ. 479లో ప్లటేయా యుద్ధంలో పారశీక సేనాని మార్డోనియస్ మరణించాడు. అతని గుడారం ఉన్నచోట నిధి ఉందని థీబ్స్ వాసి పాలిక్రటీస్ ఆ నేల కొని తవ్వాడు. ఏమీ దొరకలేదు. డెల్ఫీలోని అపోలో ఆలయంలో అడిగితే వచ్చిన జవాబే ఈ మాట అనీ, అలా వెతికి అతడు నిధిని పొందాడనీ సామెతల సంకలనాలు చెబుతాయి. అయితే రాళ్లు తిరగేసి పీతలు పట్టేవారి నుంచి ఈ మాట వచ్చిందన్న వివరణ కూడా ఉంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు నాటకకర్త యూరిపిడీస్ తన నాటకంలో ఈ మాట వాడినచోట డెల్ఫీ ప్రసక్తి లేదు, నిధి ప్రసక్తీ లేదు. కనుక వాడుకలో ఉన్న మాటకే తర్వాత దైవవాక్కు కథ చేరి ఉండవచ్చు. దేవుడి సాక్ష్యం తోడైతే మామూలు మాటకు బలం పెరుగుతుంది.

ఇప్పుడు మన వైపు చూడండి. వాన తప్పినా, తాగే నీళ్లు కొనవలసి వచ్చినా తిమ్మాజిపేటలో అరుగు మీది పెద్దలు, “బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పిండు గద” అంటారు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం తాటాకు ప్రతులుగా, తత్త్వాలుగా, అచ్చు పుస్తకాలుగా వ్యాపించింది. 1984లో ఆయన చరిత్ర సినిమాగానూ వచ్చింది. కాలజ్ఞానం ప్రతులన్నీ ఒకే తీరుగా ఉండవు. పుస్తకం చదవనివారు కూడా ఆ మాట అనగలరు. గ్రీకు ఉదాహరణలో సామెతకు దైవవాక్కు తోడైంది. ఇక్కడ దైవజ్ఞుడి పేరే సామెతగా మారింది. జరిగిన ప్రతి సంగతీ ఆ పేరు కింద జోస్యమవుతోంది.

ఈ మాటలో ఓదార్పు ఉంది. కష్టం తన ఒక్కడిదే కాదని వినేవాడికి అనిపిస్తుంది. ప్రమాదమూ ఉంది. చెరువు ఎండడం ముందే రాసిపెట్టి ఉందనుకుంటే, పూడిక ఎందుకు తీయలేదని అడిగేవారుండరు. విమర్శకుడు ఓదార్పును గౌరవించాలి, ప్రశ్నను వదలకూడదు.

పుట్టుక కథను చరిత్రగా తీసుకోకండి, అబద్ధమని పారేయకండి. ఆ మాటను జనం ఎలా అర్థం చేసుకున్నారో చెప్పే సాక్ష్యం అది.

అభ్యాసం: మీ ఊళ్లో ‘బ్రహ్మంగారు చెప్పారు’ అన్న మాటను మూడు సందర్భాల్లో విని, ఉన్నది ఉన్నట్లు రాసుకోండి. జోస్యం ముందు వినిపించిందా, సంఘటన తర్వాత వినిపించిందా? చర్చించండి.