దత్తాంశ నిర్మాణాల పేర్లలో ధర్మలుప్తోపమ: పానగల్ పరిసర ఉపమానాలతో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: కంప్యూటర్ సైన్స్‌లో స్టాక్, ట్రీ, హీప్, హ్యాష్ వంటి పారిభాషిక పదాలు పుట్టుకలో ఉపమానాలు. వాటిలో సమానధర్మం లోపించడమే విద్యార్థికి ప్రధానమైన ఆటంకమని, దానిని గుర్తించే సాధనం అలంకారశాస్త్రంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దత్తాంశ నిర్మాణాలు, ఉపమ, సమానధర్మం, పాతర, గొలుసుకట్టు చెరువులు, పానగల్.

ఉపోద్ఘాతం

డిగ్రీ, ఇంజనీరింగ్ కళాశాలల్లో ‘డేటా స్ట్రక్చర్స్, ఆల్గరిథమ్స్’ పాఠ్యాంశం దగ్గర చాలామంది తడబడతారు. గణితం రాకపోవడమో, ఆంగ్లం రాకపోవడమో కారణంగా చెప్పడం పరిపాటి. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే స్టాక్ నిర్వచనాన్ని తప్పులేకుండా రాయగలిగిన విద్యార్థి కూడా, కుండలీకరణాలు సరిగా మూసుకున్నాయో లేదో పరిశీలించే ప్రోగ్రాంలో ఆ స్టాక్ ఎందుకు అవసరమో చెప్పలేకపోవచ్చు. అక్కడ లోపించింది భాష కాదు. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతించిన తరువాత ఈ ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది. స్టాక్‌ను ‘సంచయం’గా మార్చినంత మాత్రాన పై విద్యార్థి చిక్కు విడదు.

ఏ లోపం?

ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం నాలుగూ ఉంటే పూర్ణోపమ. ఏదైనా లోపిస్తే లుప్తోపమ. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాటిన ప్రతివారికీ తెలిసిన విషయమిది. ‘స్టాక్’ అన్న పదంలో ఉపమానం ఒక్కటే మిగిలింది కనుక ఇది రూపకాతిశయోక్తి కాదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. కాని తరగతి గదిలో నల్లబల్లపై గీసిన గళ్ళ రూపంలో ఉపమేయం కనిపిస్తూనే ఉంటుంది. ‘పళ్ళాల దొంతర లాంటిది’ అన్న వాక్యంలో వాచకమూ వినిపిస్తుంది. వినిపించనిది ధర్మం మాత్రమే. కనుక దీనిని ధర్మలుప్తగా గ్రహించడమే సమంజసం.

ఒకే ఉపమేయానికి వేర్వేరు భాషల్లో, వేర్వేరు చేతుల్లో వేర్వేరు ఉపమానాలు కుదిరాయన్నది స్టాక్ చరిత్రే చెబుతుంది. ఉపప్రోగ్రాం ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్ళాలో గుర్తుంచుకొనే పద్ధతికి అలన్ ట్యూరింగ్ 1940ల నడుమ వాడిన మాటలకు అర్థం ‘పాతిపెట్టడం’, ‘తవ్వితీయడం’. జర్మనీలో బావర్, సామెల్సన్ దానిని ‘కెల్లర్’ అన్నారు, అంటే నేలమాళిగ. ఈ రెండు ఊహలకూ తెలంగాణ పల్లెకు తెలిసిన దగ్గరి మాట పాతర. పాతరలో చివర పోసిన ధాన్యమే ముందు చేతికి వస్తుంది. అడుగునున్నది అందాలంటే పైదంతా తీయాలి. కుండల దొంతిలోనూ ధర్మం ఇదే. అయితే దొంతిలో నడిమి కుండ కంటికి కనిపిస్తుంది, పాతరలో కనిపించదు. పై అంశాన్ని తప్ప మరొకదాన్ని ముట్టకూడదన్న నియమాన్ని పాతరే బాగా పట్టిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన పళ్ళాల దొంతర కన్నా ఇది మెరుగైన ఉపమానం.

పానగల్ చెరువు, గుడి

నల్లగొండకు ఆనుకొని ఉన్న పానగల్ ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. ఉదయసముద్రం చెరువు, పచ్చల సోమేశ్వర, ఛాయాసోమేశ్వర ఆలయాలు దాని ప్రసిద్ధికి కారణాలు. ఇక్కడి విద్యార్థికి ‘లింక్డ్ లిస్ట్’ చెప్పవలసివస్తే గొలుసుకట్టు చెరువులు వెంటనే స్ఫురిస్తాయి. ప్రతి నోడ్‌లో కొంత దత్తాంశం, తరువాతి నోడ్ చిరునామా ఉంటాయి. ప్రతి చెరువుకూ కొంత నిల్వ, కింది చెరువుకు దారితీసే అలుగు ఉంటాయి. నీరు వెనక్కి ఎక్కదు. నాలుగో చెరువు చేరాలంటే మొదటి మూడింటినీ దాటాలి. నడుమ కాలువ పూడితే కింది చెరువులు ఎండుతాయి. నోడ్‌ను తొలగించేముందు తరువాతి చిరునామాను భద్రపరచకపోతే అక్కడినుంచి జాబితా అంతా చేజారుతుంది. ఇంతవరకు సామ్యం చక్కగా నడిచింది.

తెగేచోటు ఉదయసముద్రమే చూపుతుంది. ఈ చెరువుకు నేడు పరీవాహక ప్రాంతపు వాననీటితో పాటు అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ ద్వారా కృష్ణాజలాలూ చేరుతున్నాయి. ఒకే నోడ్‌కు రెండు దిక్కులనుంచి దారులు కలిసినప్పుడు అది సాధారణ జాబితా కాదు, గ్రాఫ్. ఉపమానం విఫలమైన ఈ చోటే తరువాతి పాఠానికి ప్రవేశద్వారం కాగలదు. ఈ అవకాశాన్ని వదులుకొని సామ్యాన్ని మాత్రమే చెప్పి ఊరుకునే బోధన సగం పని చేసినట్లే.

ఛాయాసోమేశ్వరాలయంలో సూర్యుడు కదులుతున్నా లింగంపై నీడ కదలక నిలుస్తుంది. లూప్ ఎన్నిసార్లు తిరిగినా చెడని ధర్మాన్ని, అంటే ‘ఇన్‌వేరియంట్’ను, దీనితో పోల్చాలన్న కోరిక సహజం. పోలిక అందమైనదే కాని బలహీనమైనది. గుడిలో నీడ నిలకడ చూసేవారికి వింత; లూప్‌లో నిలకడను రాసేవారే మొదట నెలకొల్పాలి, ప్రతి చుట్టులోనూ కాపాడాలి, లూప్ ఆగినప్పుడు దాని నుంచే ఫలితాన్ని రాబట్టాలి. ఈ మూడూ ఆ నీడలో లేవు. స్థానికమైనంత మాత్రాన ఉపమానం ఉపయుక్తం కాదు.

కుప్ప, చెట్టు, ఖీమా

ట్రీ విషయంలో తెలుగువారికి తలకిందుల చిత్రం కొత్తకాదు. భగవద్గీత పదిహేనో అధ్యాయంలోని అశ్వత్థానికి వేళ్ళు పైన, కొమ్మలు కింద. వంశవృక్షమూ పరిచితమే. కాని మనిషికి తల్లిదండ్రులిద్దరు. ట్రీలో ఒక నోడ్‌కు పై నోడ్ ఒక్కటే.

1964లో విలియమ్స్ ప్రతిపాదించిన హీప్‌ను కళ్ళంలోని కుప్పతో వివరిస్తే విద్యార్థి దారితప్పుతాడు. కుప్పలో గింజల మధ్య పెద్దాచిన్నా నియమం లేదు. హీప్‌కు ప్రాణం ఆ నియమమే. ప్రోగ్రాం నడుస్తుండగా కేటాయించే జ్ఞాపకప్రాంతాన్నీ హీప్ అనే అంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది శ్లేష. ఆ మాట ముందుగా చెప్పకపోతే రెండు పాఠాలూ కలగాపులగమవుతాయి.

ఉపమానాన్నీ ఉదాహరణనూ కలిపేయడం మరొక పొరపాటు. శబ్దరత్నాకరంలో పదం వెతకడం బైనరీ సెర్చ్‌కు పోలిక కాదు. ప్రతిసారీ మిగిలిన పుటలను సగానికి విడదీస్తూ పోతే అది బైనరీ సెర్చే. అకారాది క్రమంలోని వెయ్యి పుటల్లో కావలసిన పుటను పది పరిశీలనల్లో చేరవచ్చు. ఇక్కడ ధర్మాన్ని వెతకనక్కరలేదు. లెక్కపెట్టి చూపితే చాలు.

హ్యాష్ అన్న ఆంగ్లపదానికి ముక్కలుగా తరగడమని అర్థం. ఖీమాను చూసి తరగకముందున్న ఆకారాన్ని చెప్పలేనట్లే, హ్యాష్ విలువను చూసి మూలపదాన్ని సాధారణంగా చెప్పలేము. అయితే ఒకే మాంసాన్ని రెండుసార్లు తరిగితే ముక్కలు ఒక్కలా రావు. హ్యాష్ ప్రమేయం మాత్రం ఒకే పదానికి ఎప్పుడూ ఒకే విలువనివ్వాలి. ఆ విలువను బట్టి గడిలో పెట్టడం, ఒకే గడికి రెండు పదాలు చేరినప్పుడు సర్దడం ఖీమాకు అందని విషయాలు. వాటికి తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసే గూళ్ళు నప్పుతాయి. హ్యాష్ పట్టికకు ఈ రెండు ఉపమానాలూ కావాలి, ఒకదాని తరువాత ఒకటి.