ముందు మామ్మగారు, వెనక కుర్రవాడు

2010లో కాలిఫోర్నియాలోని డిప్సీ పరుగు పందెం గెలిచింది ఎనిమిదేళ్ళ పాప, రైలీ జాన్సన్. 2012లో అదే పందెం గెలిచింది డెబ్బై రెండేళ్ళ పెద్దాయన, హాన్స్ ష్మిడ్. పిల్లలకో విభాగం, వృద్ధులకో విభాగం పెట్టి ఊరడింపుగా ఇచ్చిన బహుమతులు కావివి. కాలేజీ జట్లలో పరిగెత్తి వచ్చిన పాతికేళ్ళ కుర్రాళ్ళు కూడా ఉన్న ఒకే పందెంలో అందరికన్నా ముందు గీత దాటి తెచ్చుకున్న మొదటి బహుమతులు. దారి చూస్తే కొండల మీదుగా సముద్రం దాకా ఏడున్నర మైళ్ళు, అంటే సుమారు పన్నెండు కిలోమీటర్లు. ఇది ఎలా సాధ్యమైందో తెలుసుకుంటే, పరుగు పందెం గురించి మనకున్న అభిప్రాయాలు కొన్ని మారక తప్పదు.

శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీ ఉంది. 1904లో అక్కడికి గోల్డెన్ గేట్ వంతెన లేదు. నగరం నుంచి పడవలో సాసలీటో చేరి, రైలెక్కి మిల్ వ్యాలీలో దిగాలి. టమాల్‌పాయిస్ కొండకు ఆవలివైపు సముద్రపు ఒడ్డున అప్పుడే కొత్తగా డిప్సీ ఇన్ అనే సత్రం వెలిసింది. నగరంలోని ఒలింపిక్ క్లబ్ సభ్యులు కొందరు సరదాగా అక్కడికి బయల్దేరారు. వాళ్ళలో చార్లెస్ బోస్, ఆల్ఫన్స్ కోనీ అనే ఇద్దరు కొండ దాటి సత్రానికి ఎవరు ముందు చేరతారో చూద్దామని పందెం వేసుకున్నారు. బోస్ గెలిచాడు. మిగతావాళ్ళకు అది ఎంత నచ్చిందంటే, ‘డిప్సీ ఇండియన్స్’ పేరుతో ఒక బృందం కట్టి మరుసటి ఏడు, 1905 నవంబరులో, అందరికీ పందెం పెట్టారు. ఆర్థిక మాంద్యం నాటి రెండేళ్ళు, రెండో ప్రపంచ యుద్ధం నాటి నాలుగేళ్ళు, కోవిడ్ వచ్చిన 2020 తప్పిస్తే ఇంతవరకూ ఆగలేదు. అమెరికాలో ఇంత పాత కొండదారి పందెం మరొకటి లేదు. ఇప్పుడు ఏటా జూన్ నెల రెండో ఆదివారం సుమారు పదిహేను వందల మంది పరిగెత్తుతారు.

దీని కిటుకంతా బయల్దేరడంలో ఉంది. మిల్ వ్యాలీ నడిబొడ్డున అందరూ వయసుల వారీగా గుంపులు కడతారు. బాగా పెద్దవాళ్ళు, బాగా చిన్నపిల్లలు ముందు. వాళ్ళు కదిలాక నిమిషానికో గుంపు చొప్పున వదులుతారు. ఒకే వయసు వాళ్ళలో ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు తర్వాత. చిట్టచివరికి ఇరవైల్లో ఉన్న మగవాళ్ళ వంతు వస్తుంది. వాళ్ళని స్క్రాచ్ రన్నర్లంటారు. వాళ్ళ కాలు కదిలే వేళకు మొదటి గుంపు వెళ్ళి పాతిక నిమిషాలై ఉంటుంది. ఇక ఆ తర్వాత ఏ లెక్కలూ లేవు. సముద్రం దగ్గర గీత ఎవరు ముందు దాటితే వాళ్ళదే పందెం. అసలు వేగం ఎవరిదో చూసి ఇచ్చే బహుమతి వేరే ఉంది కానీ, జనం గుర్తుపెట్టుకునేది ముందు చేరినవాళ్ళనే. మొదటి ముప్పై అయిదుగురికి నల్ల చొక్కాలిస్తారు, వాటి మీద వాళ్ళ స్థానం అంకె వేసి. ఆ చొక్కా కోసం ఇరవయ్యేళ్ళు సాధన చేసేవాళ్ళున్నారు.

ఈ ముందు నిమిషాలనే హ్యాండికాప్ అంటారు. తొలినాళ్ళలో ఒక్కొక్కరి సత్తా చూసి నిర్వాహకులే ఎవరికెన్ని నిమిషాలో తేల్చేవారు. అలా తేలిస్తే ఎవరో ఒకరు మొహం ముడుచుకుంటారు. సత్తా దాచుకునేవాళ్ళూ పుట్టుకొస్తారు. 1960ల నుంచి వయసునే కొలబద్ద చేసుకున్నారు. గెలిచినవాళ్ళకు తర్వాతి ఏళ్ళలో నిమిషాలు కోసేస్తారు కాబట్టి ఒకరే పాతుకుపోవడం కష్టం. అయినా సాల్ వాస్క్వెజ్ ఏడుసార్లు గెలిచాడంటే ఆయన ఎంతటి పరుగుగాడో ఊహించుకోవచ్చు.

ఈ ఏర్పాటును కొందరు ఔదార్యం అనుకుంటారు. నేను ఒప్పుకోను. మామూలు పందెంలో డెబ్బై ఏళ్ళ మనిషి ఎంత బాగా పరిగెత్తినా జనం చప్పట్లు కొట్టి పంపిస్తారు, అంతే. ఇక్కడ ఆయన వెనక వెయ్యి మంది తరుముకొస్తుంటారు. ముందు దారి ఖాళీ, వెనక అడుగుల చప్పుడు. ఒక్క క్షణం నీరసించినా స్థానం పోతుంది. స్క్రాచ్ కుర్రాడి కష్టం ఇంకో రకం. మనిషి పట్టేంత కాలిబాటలో వందలాది మందిని దాటాలి. ‘ఎడమ పక్క’ అని కేకేసి, వాళ్ళు ఒత్తిగిలాక దూసుకుపోవాలి. ఎక్కడ దాటాలో, ఎక్కడ ఓపిక పట్టాలో తెలియకపోతే ఎంత వేగమున్నా వృథా. ఇద్దరికీ సమానంగా గెలిచే వీలుంది, ఓడే భయమూ ఉంది. ఆ భయాన్ని పెద్దవాళ్ళకు దక్కనివ్వడమే అసలు మర్యాద అని నా నమ్మకం.

ఇక దారి సంగతి. ఊరు దాటీ దాటకముందే మెట్లు మొదలవుతాయి. ఇళ్ళ మధ్య నుంచి మూడు విడతలుగా ఏడువందలకు కాస్త తక్కువ. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కినవాళ్ళకు ఇది లెక్కలోకి రాదనిపించవచ్చు. కానీ ఇక్కడ ఎక్కేది పరుగు మీద, ఒళ్ళు ఇంకా వేడెక్కకముందు. తెలిసినవాళ్ళు వీటిని పరిగెత్తరు. నడుము కొంచెం వంచి, చేతులు తొడల మీద ఆన్చి, అడుగడుగునా అరచేత్తో తొడను కిందికి నొక్కుతూ బలంగా నడుస్తారు. ఊపిరి అదుపు తప్పకుండా చూసుకోవడమే అక్కడ పని. మెట్ల మీద అరనిమిషం కలిసొచ్చిందని మురిసినవాడు కొండ నెత్తిన మూడు నిమిషాలు పోగొట్టుకుంటాడు.

మెట్లయ్యాక విండీ గ్యాప్ కనుమ. అక్కడి నుంచి జారుడు దిగుబాటలో మ్యూర్ వుడ్స్ లోయలోకి. ఇందులో ఒక నిటారు అడ్డదారి పేరు ‘సూసైడ్’. కింద రెడ్‌వుడ్ క్రీక్ వాగు దాటగానే మళ్ళీ ఎక్కుడు: ‘డైనమైట్’, దాని తర్వాత ‘హాగ్స్‌బ్యాక్’, చివరికి ‘కార్డియాక్’. పేర్లు పెట్టినవాళ్ళు అబద్ధమాడలేదు. సుమారు 1,360 అడుగుల ఎత్తున ఉన్న కార్డియాక్ ఈ దారికి శిఖరం. చెట్లు ఒక్కసారిగా తొలగి, పొగమంచు లేని రోజున పసిఫిక్ మహాసముద్రం కళ్ళెదుట పరుచుకుంటుంది. పందెంలో ఉన్నవాళ్ళు దాన్ని చూడరు. కళ్ళు కాళ్ళ ముందు నేలను వదలకూడదు, ఎందుకంటే పందెం తేలేది ఇక్కడి నుంచే.

ఎక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి నేర్పు కావాలి. దిగేటప్పుడు పడిపోతామనే భయంతో మనిషి సహజంగా వెనక్కి వాలతాడు, మడమ ముందు వేస్తాడు. మడమ బ్రేకులా పనిచేసి ప్రతి అడుగులోనూ వేగాన్ని చంపేస్తుంది, మోకాలికి దెబ్బ తగులుతుంది, తడిమట్టిలో జారేదీ అప్పుడే. నేర్పరి ఒంటిని వాలుకు తగ్గట్టు కొంచెం ముందుకే ఉంచుతాడు. అంగలు వేయడు, చిన్నచిన్న అడుగులు, త్వరత్వరగా. ప్రతి అడుగూ పాదం మధ్యలో ఆని వెంటనే లేస్తుంది. చేతులు పక్కలకు చాచి బరువు సరిచూసుకుంటాడు. చూపు పాదం మీద కాదు, రెండు మూడు అంగల ముందు ఉంటుంది: ఏ వేరు మీద అడుగు వేయాలి, ఏ రాయి కదులుతుంది, ఏ మలుపులో లోపలి అంచు గట్టిగా ఉంది. కళ్ళు ముందే ఎంచిపెట్టిన చోట్లలో కాళ్ళు వచ్చి పడతాయి.

దిగుడులో తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపాలి. నడక, ఎక్కుడు చేయించని పని ఇది. అలవాటు లేనివాళ్ళకు మర్నాటికి కుర్చీలోంచి లేవడం కష్టమవుతుంది. మంచి సంగతేమిటంటే, ఒక్కసారి ఈ నొప్పి అనుభవించిన కండరం త్వరగా నేర్చుకుంటుంది. తర్వాత కొన్ని వారాల పాటు అదే దిగుడు అంతగా బాధించదు. కాబట్టి పందేనికి కొన్ని వారాల ముందే దిగుడు సాధన చేయాలి. చదును రోడ్డు మీద ఎన్ని మైళ్ళు తిరిగినా దీనికి సరిపోదు.

కార్డియాక్ తర్వాత ‘స్వూప్’, దాని తర్వాత ‘స్టీప్ రెవీన్’ లోయ. రెడ్‌వుడ్ చెట్ల నీడలో తేమ ఆరని చెక్క మెట్లు. ఇక అయిపోయిందనుకునే చోట ఒక చిన్న మిట్ట ఎదురవుతుంది. దాని పేరు ‘ఇన్సల్ట్’. మామూలప్పుడు లెక్కచేయనంత చిన్న మిట్ట, దిగుడుతో వణుకుతున్న కాళ్ళను అక్కడే కూలదోస్తుంది. అది దాటితే స్టిన్సన్ బీచ్. ఈ దారిని 1974లో రాన్ ఎలైజా 44 నిమిషాల 49 సెకన్లలో పూర్తిచేశాడు. బూట్లు మారాయి, శిక్షణ మారింది, ఆ రికార్డు మాత్రం అర్ధ శతాబ్దం నిలిచింది.

ఇంత దారి విద్య పుస్తకాల్లో చదివితే రాదు. క్లబ్బులున్నది అందుకే. మారిన్‌లో టమాల్పా రన్నర్స్, నగరంలో డాల్ఫిన్ సౌత్ ఎండ్, పమాకిడ్స్ వంటి క్లబ్బుల్లో పాత కాపులు కొత్తవాళ్ళను వెంటబెట్టుకుని ఈ దారిలో తిప్పుతారు. డాల్ఫిన్ సౌత్ ఎండ్ వ్యవస్థాపకుడు వాల్ట్ స్టాక్ అయితే ఏకంగా పోవడం, రావడం రెండూ పరిగెత్తే ‘డబుల్ డిప్సీ’నే మొదలుపెట్టాడు. అమెరికాలో మామూలు క్రాస్‌కంట్రీ జట్టు లెక్క ఇలా ఉంటుంది: జట్టులో ముందొచ్చిన అయిదుగురి స్థానాలు కూడతారు, తక్కువ వచ్చినవాళ్ళది గెలుపు. మొదటివాడు ఎంత మెరుపైనా అయిదోవాడు వెనకబడితే జట్టు మునుగుతుంది. డిప్సీలోనూ జట్టు ట్రోఫీ ఉంది. వయసు నిమిషాలు తోడయ్యేసరికి ఇక్కడ మంచి జట్టంటే కుర్రాళ్ళ గుంపు కానక్కర్లేదు. అరవై ఏళ్ళ అక్కగారు, పదిహేనేళ్ళ పిల్లవాడు, నలభై దాటిన ఉద్యోగి, అందరూ జట్టుకు అక్కరకొస్తారు. అందుకే పెద్దవాళ్ళను ఊరికే గౌరవ సభ్యులుగా కూర్చోబెట్టే అలవాటు ఈ క్లబ్బులకు లేదు. నాకు ఈ సంప్రదాయంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

ఆడవాళ్ళ విషయంలో చరిత్ర అంత గొప్పగా లేదు. స్త్రీలు పరుగు పందాల్లో పాల్గొనకూడదని అప్పటి క్రీడా సంఘం ఆంక్ష. దాన్ని తప్పించుకోవడానికి 1918 నుంచి 1922 దాకా ఇదే దారిలో స్త్రీలకు ‘హైక్’ పేరుతో పోటీ పెట్టారు. పేరుకే నడక, మొదటి ఏడు గెలిచిన ఎడిత్ హిక్‌మన్ దాదాపు గంటా ఇరవై నిమిషాల్లో చేరింది. అది ఆగిపోయాక అసలు పందెంలోకి స్త్రీలను అధికారికంగా రానిచ్చింది 1971లోనే. రెండేళ్ళు తిరిగేసరికి పదేళ్ళ మేరీ ఎట్టా బోయిటానో మొత్తం పందెం గెలిచేసింది.

జాక్ కర్క్ పేరు చెప్పకుండా డిప్సీ కథ పూర్తి కాదు. 1930 నుంచి 2002 దాకా జరిగిన ప్రతి పందెమూ, మొత్తం అరవై ఏడు, ఆయన వరుసగా పూర్తిచేశాడు. 1951లో ఒకసారి, 1967లో ఇంకోసారి గెలిచాడు. తొంభై దాటాక కూడా ఆ మెట్లెక్కాడు. 2007లో నూరేళ్ళ వయసులో కన్నుమూశాడు. నార్మన్ బ్రైట్ 1930ల్లో ఈ దారిలో అతివేగం తనదనిపించుకుని, మళ్ళీ 1970లో అరవయ్యో ఏట వచ్చి గెలిచాడు. నడివయసులో పరుగు మానేసిన మనిషికి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

మనకు కొండా సముద్రమూ పక్కపక్కనే ఉన్న ఊరు విశాఖపట్నం. కైలాసగిరి మెట్లు పొద్దున్నే ఎక్కే పెద్దవాళ్ళున్నారు, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో ముప్పై కిలోమీటర్లకు పైగా నడిచే అమ్మలున్నారు, బీచ్ రోడ్డులో పరుగు బృందాలున్నాయి. వయసుల జాబితా ఒకటి, గడియారం ఒకటి ఉంటే చాలు. నిమిషానికో గుంపును వదలడానికి పెద్ద ఖర్చేమీ లేదు. విశాఖ రన్నర్లారా, ఒక్క ఏడాది మీ కొండ మీద ఇలా ఒక పందెం పెట్టి చూడండి. మొదటి గుంపులో మీ మామ్మగారిని నిలబెట్టండి, చివరి గుంపులో మీరు నిలబడండి.