ప్లాట్‌ఫాం చివరి కబుర్లు

రైలు ప్రియుల కబుర్లు ఎక్కువగా ప్లాట్‌ఫాం చివర సాగుతాయి. టీ స్టాళ్లు, బెంచీలు, కూలీల హడావుడి అన్నీ దాటాక, ప్లాట్‌ఫాం వాలుగా నేలకు దిగేచోట, ఊరి పేరు రాసిన పసుప్పచ్చ బోర్డు పక్కన. ఇంజన్ వచ్చి ఆగేది అక్కడే కాబట్టి వీళ్లు చేరేదీ అక్కడే. కాజీపేట, విజయవాడ, గుంతకల్లు, గూడూరు లాంటి జంక్షన్లలో సెలవురోజు పొద్దున్నే చూస్తే మెడలో కెమెరాతోనో, చేతిలో నోటుబుక్కుతోనో ఇద్దరు ముగ్గురు కనబడతారు. ఒకరు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఒకరు ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. ఒకరు రైల్వేలోనే ఉద్యోగి, డ్యూటీ దిగాక కూడా రైళ్లే చూసే రకం. అందరూ మగవాళ్లే అనలేం గానీ చాలామటుకు అంతే. ఇక్కడ వయసుకు పెద్ద లెక్క లేదు. అరవై దాటినాయన ఇరవై ఏళ్లవాణ్ని అడిగి వివరాలు రాసుకుంటాడు, అందులో నామోషీ ఏమీ ఉండదు.

మాట ఎప్పుడూ ఇంజన్‌తోనే మొదలవుతుంది. ఇంజన్ ఒంటి మీద రాసి ఉండే అక్షరాలు, అంకెలు వీళ్లకు ఇంటిపేరూ గోత్రమూ చెప్పినట్టే. డబ్ల్యూఏపీ-7 అంటే బ్రాడ్‌గేజ్ మీద, ఏసీ కరెంటుతో, ప్రయాణికుల బళ్లు లాగే ఏడో నమూనా. ఆ పక్కనే దాని షెడ్డు పేరు ఉంటుంది: లాలాగూడ, కాజీపేట, విజయవాడ, ఈరోడ్, ఘజియాబాద్. ఏ బండికి ఏ షెడ్డు ఇంజన్ రోజూ తగిలిస్తారో ఆ ఏర్పాటును లింకు అంటారు. లింకులో లేని ఇంజన్ వస్తే అది ఆఫ్‌లింక్. అలాంటిది వచ్చిన రోజు వీళ్లకు పండగ. మామూలు ప్రయాణికుడికి బండి వేళకు వచ్చిందా లేదా అన్నదే లెక్క. వీళ్లకు మాత్రం గంట ఆలస్యంగా వచ్చినా ఊహించని ఇంజన్‌తో వస్తే ఆ ఆలస్యం మాఫీ.

ఈ అభిరుచిలో శాఖలు చాలా ఉన్నాయి. ఇంజన్ నంబర్లు రాసుకునేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, టైమ్ టేబుళ్లు దాచేవాళ్లు, హారన్‌నూ ఇంజన్ చప్పుడునూ రికార్డు చేసేవాళ్లు. అట్ట టికెట్లు పోగుచేసేవాళ్లది వేరే లోకం. 1830ల్లో థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఇంగ్లండ్ స్టేషన్ మాస్టర్ మొదలుపెట్టిన ఆ చిన్న అట్టముక్క దాదాపు అదే కొలతలో మన దేశంలోనూ చాలాకాలం నడిచింది. స్టేషన్ పేరు మూతపడ్డ మీటర్‌గేజ్ లైనుదైతే ఆ టికెట్‌కు విలువ ఎక్కువ.

బొమ్మ రైళ్లు చేసేవాళ్ల తంటాలు మరీ ముచ్చటైనవి. ప్రపంచంలో ఎక్కువగా వాడే నమూనా కొలత అసలులో 87వ వంతు, దానికి పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికా గేజికి కుదిరిన కొలత. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. అంటే లెక్క ప్రకారం బొమ్మ పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. అలాంటి పట్టాలు కొట్లో దొరకవు కాబట్టి చాలామంది మన ఇంజన్ ఒంటిని విదేశీ చక్రాల మీద కూర్చోబెట్టి సరిపెట్టుకుంటారు. పట్టాలు తామే వేసుకునే పట్టుదల గలవాళ్లు కొందరు లేకపోలేదు. ఈ రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు తేడా మీద ఒక పూట వాదన ఇట్టే గడిచిపోతుంది.

బండికీ బండికీ మధ్య ఖాళీ ఉంటుంది. ఇంటి విషయాలు వచ్చేది ఆ ఖాళీలోనే. కూతురి సంబంధాలు, అమ్మకు షుగరు, కొడుకు కొలువు, అద్దె, అప్పు. ముగ్గురూ పట్టాల వైపే చూస్తుంటారు, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. చెప్పలేని మాట గొంతుదాకా వచ్చి ఆగితే ఎదురుగా గూడ్సు బండి వస్తుంది. యాభై ఎనిమిది వ్యాగన్ల బొగ్గు బండి దాటిపోయేదాకా ఎవరూ ఏమీ మాట్లాడనక్కర్లేదు, ఆ చప్పుడులో మాట్లాడినా వినబడదు. అది వెళ్లాక మాట అందుకోవాలంటే అందుకోవచ్చు, లేదంటే వ్యాగన్ల సంగతి ఎత్తుకోవచ్చు. మగవాళ్లు మనసులో మాట చెప్పుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు మన ఊళ్లలో మరొకటి కనిపించదు. టీకొట్టు దగ్గర వినే చెవులు ఎక్కువ, ఇంట్లో అడిగే ప్రశ్నలు ఎక్కువ.

ఇంట్లో ఈ పిచ్చికి దొరికే ఆదరణ రకరకాలు. పెళ్లయిన కొత్తలో, పదకొండు గంటల్లో చేర్చే బండి ఉండగా పధ్నాలుగు గంటల బండికి టికెట్లు తీసిన భర్త, ఆ మూడు గంటల సంజాయిషీ పెళ్లి ముచ్చట్లు వచ్చిన ప్రతిసారీ చెప్పుకోవాల్సిందే. భార్యాపిల్లల్ని ఏసీ బోగీలో కూర్చోబెట్టి, బండి ఆగిన ప్రతి పెద్ద స్టేషన్లో ఇంజన్ దాకా పరుగెత్తి, బండి కదిలేవేళకు ఏదో ఒక బోగీ ఎక్కి లోపల్నుంచి నడుచుకుంటూ వచ్చేవాళ్లు కోకొల్లలు. పాత డీజిల్ ఇంజన్ల కాలంలో ఇది మరీ ఎక్కువ. అమెరికాలోని ఆల్కో కంపెనీ నమూనాతో 1964 నుంచి వారణాసిలో తయారైన 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎమ్-2 ఇంజన్ బయల్దేరుతుంటే నల్లటి పొగ ఎగజిమ్మేది. డ్రైవరు నాచ్ (శక్తి మెట్టు) పెంచగానే ఇంధనం వెంటనే ఎక్కువ వస్తుంది, గాలిని నెట్టే టర్బోచార్జర్ వేగం అందుకోవడానికి మాత్రం కొంత సమయం పడుతుంది. ఆ కాస్తలో సరిగా మండని ఇంధనమే ఆ పొగ. ఇంజనీరుకు అది లోపం, ప్రియులకు అదే సొగసు, చొక్కా ఉతికే ఇల్లాలికి చాకిరీ.

కుటుంబాన్ని కూడా అభిరుచిలోకి లాగినవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో పీటర్ డెనీ అనే చర్చి ఫాదర్ రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్దికాలానికే బకింగ్‌హామ్ అనే బొమ్మ రైల్వే కట్టడం మొదలుపెట్టి దశాబ్దాలపాటు పెంచుతూ వచ్చాడు. అసలు రైల్వేలో మాదిరే ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు గంట సంకేతాలతో బండిని అప్పగించాలన్నది ఆయన నియమం. రెండో స్టేషన్ చూసుకునే పని కొడుకు క్రిస్పిన్‌ది. కొడుకు పెద్దవాడై వెళ్లిపోయాక గంటలకు బదులిచ్చేవాడు లేకపోయాడు. డెనీ ఒక యంత్రం తయారుచేసి ఆ పని దానికి అప్పగించాడు, దానికి ‘ఆటోమాటిక్ క్రిస్పిన్’ అని పేరు పెట్టాడు. బొమ్మ రైళ్లవాళ్లు దీన్ని యంత్ర నైపుణ్యానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. పిల్లలు ఊరు దాటిపోయిన ఇళ్లవాళ్లకు మాత్రం ఆ పేరు దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. 2009లో డెనీ పోయాక ఆ రైల్వేను ఒక మిత్రుడు తన దగ్గరకు చేర్చుకుని నడుపుతూ వచ్చాడు, యంత్రంతో సహా.

రైల్వే కాలనీల్లో పుట్టినవాళ్ల సంగతి వేరు. డోర్నకల్, బిట్రగుంట, కాజీపేట, గుంతకల్లు క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు రైలు అంటే నాన్న డ్యూటీ. ఇంజన్ మీదికి ఎక్కించినరోజు, నాన్న డ్యూటీ సామాను పెట్టె, అదే లైను బాక్సు, మోసినరోజు, అర్ధరాత్రి నాన్నను డ్యూటీకి పిలవడానికి కాల్‌బాయ్ తలుపు తట్టినరోజు వాళ్ల మాటల్లో పదేపదే వస్తాయి. వాళ్లలో కొందరికి అదే రైల్వేలో ఉద్యోగం కారుణ్య నియామకం కింద వచ్చి ఉంటుంది. తండ్రి సర్వీసులో ఉండగా పోతే కుటుంబంలో ఒకరికి కొలువిచ్చే పద్ధతి అది. ఉద్యోగం ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే ‘నాన్న తరవాత’ అంటారు. ఆపైన అడగడం ప్లాట్‌ఫాం మర్యాద కాదు. అమ్మ పేరిట వచ్చే విడో పాస్ మీద ఏ ఊరు వెళ్లొచ్చారన్నదీ మామూలు కబురుగానే దొర్లుతుంది.

వీళ్లకు మొదట అలవాటయ్యే చావు ఇంజన్లదీ లైన్లదీ. గుంటూరు–ద్రోణాచలం మీటర్‌గేజ్ లైను 1990ల్లో బ్రాడ్‌గేజ్‌గా మారినప్పుడు నల్లమలలో బోగద దగ్గరి దొరబావి వంతెన వాడకం పోయింది. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన మీద 1997లో బళ్లు ఆగిపోయాయి. డబ్ల్యూడీఎమ్-2లు ఒక్కొక్కటే తుక్కుకు వెళ్లాయి. ఫలానా నంబరు ఇంజన్ కండెమ్ అయిందన్న కబురు వచ్చిన రోజు, దాన్ని ఎక్కడ చూశారో ఏ బండితో చూశారో చెప్పుకుంటూ ఒక సాయంత్రం గడుపుతారు. బయటివాళ్లకు ఇది అతి అనిపిస్తుంది. అతి ఉన్నమాట నిజమే. అయితే పోయినదాని గురించి ఊరు, తేదీ, వేళ చెప్పి మాట్లాడే అలవాటు ఇక్కడే పడుతుంది, మనుషులు పోయినప్పుడు అది పనికొస్తుంది.

పరామర్శ ఎలా సాగుతుందో చూడాలంటే ఇలాంటి సంభాషణ ఒకటి చాలు.

‘మొన్న కాశీ వెళ్లొచ్చాం. నాన్న అస్థికలు కలపడానికి.’

‘అయ్యో. ఎప్పుడు పోయారన్నా? చెప్పనేలేదు.’

‘నెల దాటింది. చెప్పబుద్ధి కాలేదు.’

కాసేపు ఎవరూ మాట్లాడరు. తరవాత చిన్నవాడే అడుగుతాడు.

‘దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌కేనా వెళ్లింది?’

‘దానికే. కాజీపేటలో ఎక్కాం. లాలాగూడ ఇంజనే, చివరిదాకా.’

‘ఇటార్సీలో దిగావా?’

‘దిగా. ఇదివరకు నాన్నతో వెళ్లినప్పుడు అక్కడ ఇంజన్ మార్చేవాళ్లు, తీసేది తగిలించేది మొత్తం చూశాక గానీ ఎక్కేవాడు కాదు. ఇప్పుడు మార్పు లేదుగా. ఊరికే నిలబడ్డా.’

ఇందులో ఓదార్పు మాట ఒక్కటీ లేదు. ‘ధైర్యంగా ఉండు’ అన్నవాడు లేడు, వయసెంత, జబ్బేమిటి అని ఆరా తీసినవాడూ లేడు. అయినా ఇటార్సీ సంగతి అడిగినవాడు అడగవలసినదే అడిగాడు. బంధువుల్లో ఎవరికీ తోచని ప్రశ్న అది. తండ్రి ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్న దృశ్యం చెప్పడానికి కొడుక్కి ఒక సందు దొరికింది. దుఃఖం గురించి నేరుగా మాట్లాడటమే మంచిదనేవాళ్లు ఈ పద్ధతిని తప్పించుకోవడం అనవచ్చు. చెప్పవలసినవాడు చెప్పగలిగాక ఆ అభ్యంతరానికి బలం తక్కువ.

బ్రిటన్‌లో పోయినవారిని సాగనంపడానికి ఇంకో రూపం ఉంది. అక్కడ మూతపడ్డ, మూతపడబోయిన లైన్లను అభిమానులే నడుపుకునే వారసత్వ రైల్వేలు చాలా ఉన్నాయి. వేల్స్‌లోని టాలిలిన్ 1951లో ఈ ఒరవడి మొదలుపెట్టింది. ఇలాంటి కొన్ని రైల్వేల్లో, కుటుంబం కోరితే పోయినవారి చితాభస్మాన్ని ఆవిరి ఇంజన్ కొలిమిలో వేసే ఆనవాయితీ ఉంది. గోదావరిలో, గంగలో కలిపే మనకు ఇది వింతగానే ఉంటుంది. ఆ మనిషి ఆదివారాలన్నీ ఆ కొలిమి ముందే గడిపాడని తెలిస్తే అంత వింతగా ఉండదు.

మనిషి పోయాక మిగిలే సామాను అసలు చిక్కు. పాత టైమ్ టేబుళ్లు, అట్ట టికెట్ల ఆల్బమ్‌లు, గార్డు విజిల్, ఎర్రపచ్చ జెండాలు, నెగటివ్‌ల కవర్లు. టైమ్ టేబుల్ అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్న అంకెలు ఏ బండి ఏ రోజు ఎంత లేటో చెబుతాయి. ఇంట్లోవాళ్లకు అవి పిచ్చిగీతలు. మూడు నెలలు చూసి, సంక్రాంతి సర్దుళ్లలో పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేసేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, రెండు గదుల ఇంట్లో బీరువా ఖాళీ కావడం కూడా అవసరమే. అదృష్టం బాగుంటే కథ మరోలా సాగుతుంది. పుణెలో బి.ఎస్. జోషి జీవితమంతా పోగుచేసి, కట్టి, 1998 ఏప్రిల్ 1న తెరిచిన బొమ్మ రైళ్ల మ్యూజియం ఆయన తరవాత కొడుకు చేతుల్లో నడిచింది. అలాంటి వారసుడు అందరికీ దొరకడు.

ఈ స్నేహాలకు ఒక పెద్ద లోటుంది. ఇరవై ఏళ్ల పరిచయంలో ఒకరికొకరు ఇష్టమైన ఇంజన్, ఇష్టమైన వంతెన, ఏ మలుపు దగ్గర ఏ వేళ ఎండ బాగుంటుందో అన్నీ చెప్పుకుని ఉంటారు. ఇల్లెక్కడో, ఆవిడ పేరేమిటో తెలియదు. రెండు ఆదివారాలు మనిషి రాకపోతే ఊరెళ్లాడనుకుంటారు. నెల తరవాత స్టేషన్లో పోర్టరో, టీ కొట్టతనో చెబితే తెలుస్తుంది. అప్పటికి కర్మకాండ కూడా అయిపోయి ఉంటుంది. ఇంటికి వెళ్లి పరిచయం చేసుకోబోతే ఆవిడ ‘ఆఫీసువాళ్లా?’ అంటుంది. ఏమని చెప్పాలో తోచదు.

అందుకే కాస్త ముందుచూపు ఉన్నవాళ్లు ఇంటివాళ్ల నంబర్లు ఒకరివొకరు తీసిపెట్టుకుంటారు, సంవత్సరానికి ఒకసారైనా ఒకరింటికి ఒకరు భోజనానికి వెళ్తారు. ఏ పెట్టెలో ఏముందో, ఏది ఎవరికి ఇవ్వాలో, ఏది నిజంగానే పాత పేపర్లవాడికి వేసినా ఫరవాలేదో ఒక కాగితం మీద రాసి బీరువాలో ఉంచుతారు. ఈ కాలపు కుర్రాళ్ల ఫొటోలన్నీ హార్డ్ డిస్కుల్లోనే కాబట్టి ఆ కాగితం మీద పాస్‌వర్డ్ కూడా రాయాలి.