సద్దుమణిగాక వినిపించింది

ప్రోటాన్ వెడల్పును నాలుగు వందల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం ఎంతో, 2015 సెప్టెంబర్ 14న అమెరికాలో నాలుగేసి కిలోమీటర్ల ఎడంగా వేలాడుతున్న అద్దాల మధ్య దూరం సుమారు అంత మారింది. మనకప్పుడు మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు. ముందు లూయిజియానా రాష్ట్రంలోని లివింగ్‌స్టన్‌లో, ఆ తర్వాత 7 మిల్లీసెకన్లకు 3,000 కిలోమీటర్ల అవతల వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో. మొత్తం ఉదంతం సెకనులో అయిదో వంతు. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి కలిసిపోయాయి. ఒకటి సూర్యుడికి 36 రెట్లు, రెండోది 29 రెట్లు బరువు. ఆ కలయికలో మూడు సూర్యుళ్లంత ద్రవ్యరాశి గురుత్వ తరంగాలుగా మారి విశ్వమంతా పరచుకుంది. మన దాకా వచ్చేసరికి మిగిలింది ఆ ప్రోటాన్ తునక.

2016 ఫిబ్రవరి 11న ఈ సంగతి బయటపెట్టినప్పుడు పత్రికలన్నీ ఐన్‌స్టీన్ బొమ్మ వేశాయి. న్యాయమే, గురుత్వ తరంగాలు ఉంటాయని 1916లో చెప్పింది ఆయనే. కానీ అవి పట్టించుకోనక్కర్లేనంత స్వల్పమని కూడా ఆయనే తేల్చేశాడు. ఉంటాయని చెప్పడానికి ఒక మేధ చాలింది. పట్టుకోవడానికి దాదాపు నూరేళ్లు, వేల చేతులు కావాల్సి వచ్చాయి. ఈ వ్యాసం ఆ చేతులు చేసిన, లివింగ్‌స్టన్, హాన్‌ఫర్డ్‌లలో ఉన్న లైగో అనే జంట పరికరాల గురించి.

లైగో సూత్రంలో రహస్యమేమీ లేదు. మన కాలేజీల ఫిజిక్స్ ల్యాబుల్లో కనిపించే మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ సూత్రమే. లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి, లంబకోణంలో ఉన్న రెండు దారుల్లోకి పంపుతారు. చివర్లలో ఉన్న అద్దాల మీద పడి రెండూ వెనక్కి వస్తాయి. రెండు దారుల పొడవూ సరిగ్గా కుదిరి ఉంటే ఆ రెండు కిరణాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గురుత్వ తరంగం వచ్చినప్పుడు ఒక దారి సాగుతుంది, మరొకటి కుంచించుకుంటుంది. రద్దు కావాల్సిన కాంతి కాస్త బయటికి జారుతుంది. ఎంఐటీలో రైనర్ వైస్ 1972లో ఈ ఆలోచనను ఒక నివేదికగా రాశాడు. అందులో ముఖ్యమైన భాగం పరికరం వర్ణన కాదు, అది ఎన్ని రకాలుగా మోసపోగలదో చెప్పిన జాబితా. నేల అదురు, వేడికి అణువుల కంపనం, గొట్టంలో మిగిలిన గాలి, లేజర్ చంచలత్వం, చివరికి కాంతి తత్వం కూడా. తర్వాత నలభై ఏళ్ల పైచిలుకు జరిగిందంతా ఆ జాబితాలో ఒక్కో పద్దూ కొట్టేసుకుంటూ పోవడమే. వచ్చే సంకేతాన్ని పెద్దది చేయడం ఎవరి వశమూ కాదు. తన చప్పుడు తాను తగ్గించుకోవడం ఒక్కటే పరికరం చేయగలిగింది. లైగో పనితనమంతా ఈ ఒక్క పట్టుదలలోంచి పుట్టింది.

మొదటి పద్దు నేల. ఎక్కడో సముద్రంలో అలలు లేచినా భూమి వణుకుతుంది. రైలు వెళ్లినా, పక్క అడవిలో చెట్టు కూలినా వణుకుతుంది. దీనికి విరుగుడు లోలకం. తాడుకు రాయి కట్టి వేలాడదీసి, పట్టుకున్న చేతిని గబగబా అటూ ఇటూ ఆడిస్తే రాయి దాదాపు కదలకుండా ఉంటుంది. లోలకం సహజంగా సెకనుకు ఒకసారి ఊగేదైతే, సెకనుకు పదిసార్లు వచ్చే అదురు దాని కిందికి చేరేసరికి నూరో వంతుకు పడిపోతుంది. లైగోలో ఒక లోలకం కింద మరొకటి చొప్పున నాలుగు కట్టారు. కాగితం మీద లెక్క ప్రకారం ఆ అదురు పది కోట్లవ వంతుకు తగ్గాలి. అదీ చాలదని, లోలకాలను వేలాడదీసిన వేదికలకే కదలికలను పసిగట్టే సెన్సర్లు పెట్టి, నేల ఎటు తోస్తే అటుకు ఎదురు తోసే ఏర్పాటు చేశారు.

నాలుగో లోలకం చివర ఉన్నదే అద్దం. 40 కిలోల బరువు, 34 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న శుద్ధ సిలికా దిమ్మ. దాని ముఖం ఉండాల్సిన ఆకారం నుంచి నానోమీటరు కూడా తప్పకుండా సానపట్టారు. దాని మీద పలచటి పొరలు ఒకదానిపై ఒకటి పూశారు. మీద పడిన ఫోటాన్లలో 30 లక్షలకు ఒకటి మాత్రమే అద్దం మింగుతుంది, మిగిలినవి దాదాపు అన్నీ వెనక్కి వస్తాయి. ఆ ఒకటి కూడా ఎందుకు లెక్కంటే, మింగిన కాంతి వేడిగా మారుతుంది, వేడెక్కిన అద్దం ఆకారం చెడుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నవి ఈ అద్దాన్ని మోసే తీగలు. మొదటి తరం లైగోలో ఉక్కు తీగ వాడారు. ఉక్కులో లోపలి రాపిడి ఎక్కువ, వేడి వల్ల కలిగే కంపనం దాంట్లో అన్ని పౌనఃపున్యాల్లోకీ చెదిరిపోయి సంకేతం వచ్చే చోటనే సద్దు చేస్తుంది. అందుకని అద్దం ఏ పదార్థంతో చేశారో తీగలూ ఆ సిలికాతోనే చేశారు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయం ఈ విద్యను సాధించింది. సిలికా కడ్డీని లేజర్‌తో వేడిచేసి, మెత్తబడగానే లాగుతారు. 0.4 మిల్లీమీటర్ల మందం, 60 సెంటీమీటర్ల పొడవున్న పోగు వస్తుంది. అలాంటి నాలుగు పోగులను లేజర్‌తోనే అతికిస్తారు. గాజు జాతికి చెందిన ఆ నాలుగు పోగుల మీద 40 కిలోలు వేలాడుతుంటాయి. ఇంత తిప్పలు బలం కోసం పడలేదు. శుద్ధ సిలికా లోపలి రాపిడి అతి తక్కువ. కంపనం పోదు గానీ, కొన్ని స్వరాల దగ్గరే పోగుపడుతుంది. ఆ స్వరాలు ఎక్కడున్నాయో తెలుసు కనుక వాటిని వదిలేసి మిగతా చోట వినవచ్చు. చప్పుడును చంపలేనప్పుడు దాన్ని ఒక మూలకు చేర్చి కూర్చోబెట్టడం, ఇదీ నేర్పంటే.

ఇక్కడ చదివేవారికి ఒక సందేహం రావాలి. అద్దం అణువులతోనే కదా చేసింది, ఆ అణువులన్నీ నిరంతరం కదులుతూనే ఉంటాయి కదా, మరి ప్రోటాన్‌లో నాలుగు వందలవ వంతును కొలవడం ఏమిటి? జవాబు కిరణం వెడల్పులో ఉంది. అద్దం మీద పడే లేజర్ మచ్చ సెంటీమీటర్ల కొద్దీ వెడల్పుండి లెక్కపెట్టలేనన్ని అణువులను ఒకేసారి తాకుతుంది. ఒక్కో అణువు దాని ఇష్టం వచ్చినట్టు కదిలినా, అన్నిటి సగటు దాదాపు కదలదు. లైగో కొలిచేది ఆ సగటును. ఏ ఒక్క అణువు జాడా దానికి అక్కర్లేదు.

కిరణం వెళ్లే గొట్టం సంగతి మరో కథ. 1.2 మీటర్ల వ్యాసం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం, ఒక్కో దిక్కునా 4 కిలోమీటర్లు. భూమి గుండ్రం కనుక అంత దూరంలో నేల మీటరుకు పైగా కిందికి వంగిపోతుంది. కాంతి మాత్రం వంగదు. అందుకని గొట్టం కింద పోసిన కాంక్రీటు నేలను కాక కాంతిని అనుసరించింది. గొట్టాల్లో ఉన్న 10,000 ఘనమీటర్ల గాలినీ తోడడానికి 40 రోజులు పట్టింది. ఉక్కు తన లోపల వాయువును దాచుకుని నెమ్మదిగా వదులుతూ ఉంటుంది. దాన్ని ముందే వెళ్లగొట్టడానికి గొట్టాన్ని 150 డిగ్రీలకు పైగా వేడిచేసి నెల రోజులు కాల్చారు. ఇప్పుడు లోపలి పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో లక్ష కోట్లవ వంతు.

ఇక కాంతి. 2015లో లోపలికి పంపిన లేజర్ 20 వాట్లు, ఇంట్లో వెలిగించుకునే ఒక బల్బుపాటిది. అద్దాల మధ్య దాన్ని సుమారు 300 సార్లు అటూ ఇటూ తిప్పి, బయటికి పోబోయే కాంతిని కూడా తిరిగి లోపలికి మళ్లించి, ఒక్కో గొట్టంలో లక్ష వాట్లకు పెంచారు. నాలుగు కిలోమీటర్ల దారి 1,200 కిలోమీటర్ల దారిలా పనిచేసింది. అయినా కాంతి ఫోటాన్లుగా వస్తుంది. అవి వర్షపు చినుకుల్లా ఒక క్షణం ఎక్కువ, ఒక క్షణం తక్కువ పడతాయి. ఫోటాన్లను పెంచితే ఆ తేడా తగ్గుతుంది గానీ, అవన్నీ కలిసి అద్దాన్నే నెట్టేస్తాయి. 40 కిలోల అద్దం ఫోటాన్ల క్వాంటం తాకిడికి కదులుతుందని 2020లో లైగో వారు కొలిచి చూపించారు.

ఈ ఇరకాటం ప్రకృతి గీసిన గీత, పనివాడి లోపం కాదు. లైగో అక్కడా ఆగలేదు. క్వాంటం అనిశ్చితిని పూర్తిగా తీసేయడం కుదరదు. కానీ కాంతి దశలో తగ్గించి, బదులుగా తీవ్రతలో పెరగనివ్వవచ్చు. 2019లో ఇలా నొక్కిన కాంతిని వాడటం మొదలుపెట్టారు. చిక్కేమంటే, ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర దశలో అనిశ్చితి తగ్గాలి, తక్కువ పౌనఃపున్యాల దగ్గర తీవ్రతలో తగ్గాలి. 2023లో 300 మీటర్ల పొడవున్న మరో గొట్టం చేర్చారు. దాని గుండా పోయి వచ్చిన కాంతి ఏ పౌనఃపున్యం దగ్గర ఎటు నొక్కుకోవాలో అటు నొక్కుకుంటుంది. దీనితో పట్టుబడే కలయికల సంఖ్య దాదాపు 60 శాతం పెరుగుతుందని అంచనా.

సూక్ష్మమైన పరికరం అంటే అబద్ధం కూడా సూక్ష్మంగా వినే పరికరం. 2017 వేసవిలో హాన్‌ఫర్డ్‌లో ఉన్నట్టుండి అంతుపట్టని చప్పుళ్లు నమోదయ్యాయి. వెతికితే తేలింది, ద్రవ నైట్రోజన్ గొట్టం మీద పేరుకున్న మంచును దాహంతో ఉన్న బొంతకాకులు ముక్కుతో పొడుస్తున్నాయని. మంచు పట్టకుండా గొట్టానికి కప్పు తొడిగారు. లైగో వారు యంత్రాన్నే కాదు, తమను తామూ పరీక్షించుకున్నారు. 2010 సెప్టెంబర్‌లో కొద్దిమంది గుట్టుగా ఒక నకిలీ సంకేతాన్ని పరికరంలోకి చొప్పించారు. వందలాది శాస్త్రవేత్తలు నెలల తరబడి దాన్ని విశ్లేషించి, వ్యాసం కూడా రాసి సిద్ధం చేసుకున్నారు. 2011 మార్చిలో అందరి ముందూ ఆ గుట్టు దాచిన కవరు విప్పితే అది నకిలీ అని తేలింది. శ్రమ వృథా పోలేదు. నిజమైనది వస్తే గుర్తుపట్టగలమా, తొందరపడి ప్రకటించకుండా ఉండగలమా అన్న రెండు ప్రశ్నలకూ అప్పుడే జవాబు దొరికింది. 2015లో నిజంగానే వచ్చినప్పుడు అందరూ మొదట అడిగింది, ఇదీ చొప్పించిందేనా అని. కాదని రూఢి చేసుకున్నాకే ముందుకు కదిలారు. లైగోకు సారథులైన బారీ బారిష్, కిప్ థార్న్, రైనర్ వైస్‌లకు 2017లో నోబెల్ వచ్చింది.

2015 తర్వాతి పదేళ్ల పనితనం విలువ ఎంతో తేల్చడానికి ప్రకృతే ఒక చక్కని పోలిక ఇచ్చింది. 2025 జనవరి 14న లైగో మరో సంకేతం విన్నది. అప్పటిలాగే రెండు కృష్ణబిలాలు, ఒక్కోటి సూర్యుడికి సుమారు 33 రెట్లు, దూరం కూడా సుమారు అంతే. విశ్వం పంపింది ఇంచుమించు అదే. కానీ ఈసారి మూడు రెట్లకు పైగా స్పష్టంగా వినబడింది. కలిసిపోయాక కృష్ణబిలం గంటలా మోగి ఆగిపోతుందని 1970లో చూపినవాడు మన సి.వి. విశ్వేశ్వర, తర్వాతి కాలంలో బెంగళూరులో నెహ్రూ ప్లానెటేరియాన్ని తీర్చిదిద్దిన పెద్దమనిషి. ఈసారి ఆ మోతలో రెండు స్వరాలను విడదీసి వినగలిగారు. కృష్ణబిలాల ఉపరితల వైశాల్యం ఎప్పటికీ తగ్గదని 1971లో హాకింగ్ చెప్పిన మాటకూ గట్టి సాక్ష్యం దొరికింది. కలవకముందు రెండిటి వైశాల్యం కలిపి సుమారు 2,40,000 చదరపు కిలోమీటర్లు, కలిశాక 4,00,000. సిద్ధాంతాలు యాభై ఏళ్ల నాటివి. వాటికి రుజువు తెచ్చింది నేటి చెవి.

మూడో లైగో పరికరాన్ని మహారాష్ట్రలో హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర కట్టాలని మన దేశం నిర్ణయించింది. ఒకప్పుడు హైదరాబాద్ రాజ్యంలో భాగమైన మరాఠ్వాడా నేల అది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అమెరికాకు దూరంగా మరొక చెవి ఉంటే సంకేతం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో బాగా తేలుతుంది. అద్దాల వంటి కీలక భాగాలు అమెరికా నుంచి వస్తాయి. గొట్టాలు, భవనాలు, శూన్యం మాత్రం ఇక్కడే తయారు కావాలి. కాబట్టి హింగోలికి ఖగోళ శాస్త్రజ్ఞులు ఎంత ముఖ్యమో, కిలోమీటర్ల కొద్దీ అతుకు వేసి సూదిమొనంత లీకు కూడా లేకుండా చూసే వెల్డరు, కాంక్రీటును కాంతి గీతకు సరిపెట్టే మేస్త్రీ అంత ముఖ్యం. పరికరాలు పెట్టెల్లో వస్తాయి గానీ పనితనం రాదు, దాన్ని అక్కడే నేర్చుకోవాలి. నేర్చుకున్నది పరికరాన్ని మించి నిలుస్తుంది. శూన్యాన్ని పట్టి ఉంచగలిగిన చేతులకు రేపు దేశంలో చేయగల పనులు చాలానే ఉన్నాయి.