దాత కాని చెట్టు: ధర్మపురి శేషప్ప శతకంలో వృక్షం, ఋతువు, జీవితపాఠం

తెలుగు నీతిసాహిత్యంలో చెట్టుకు గురుపీఠం ఏనాడో దక్కింది. పురాణకవులు, సుభాషితకర్తలు, శతకకర్తలు, ఇటీవలి పాఠ్యపుస్తక రచయితలు అందరూ చెట్టును చూపి మనిషికి బుద్ధి చెప్పినవారే. చెప్పిన పాఠం మాత్రం దాదాపు ఒక్కటే. చెట్టు ఇస్తుంది కనుక మనిషీ ఇవ్వాలి. పండిన చెట్టు వంగుతుంది కనుక కలిగినవాడూ వంగాలి. ఔదార్యం, వినయం అనే ఈ రెండు గుణాలకే వృక్షదృష్టాంతం కుదించుకుపోవడం వల్ల చెట్టు బతుకులోని తక్కిన భాగం, ముఖ్యంగా ఋతువు వెంట ఋతువుగా అది పొందే మార్పు, వ్యాఖ్యానంలో వెనుకబడింది. ధర్మపురి శేషప్ప కవి రచించిన నరసింహ శతకం ఈ పరంపరకు చెందినదే. అయినా అందులో ఒక సీసపద్యం చెట్టును దాతగా కాక గ్రహీతగా నిలబెడుతుంది. ఆ స్థానభేదం వల్ల పాఠం ఎలా మారుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దాతృవృక్షానికి తెలుగులో ప్రసిద్ధమైన ఆధారం పోతన భాగవత దశమస్కంధం. గోపికా వస్త్రాపహరణ ఘట్టం ముగిసిన తరువాత కృష్ణుడు తోటి గోపకులకు చెట్లను చూపిస్తాడు. ఎవరికీ కీడు చేయకపోవడం, ఎండకూ చలికీ గాలికీ వానకూ అడ్డు నిలవడం, బెరడు మొదలుకొని బూడిద దాకా తనలోని ప్రతి అంశాన్నీ అడిగినవారికి అందించడం ఆ పద్యంలోని విషయం. ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. సంస్కృత మూలంలో ఈ మాటలు పుట్టిన సందర్భం గ్రీష్మం. నడినెత్తిన సూర్యుడు మండుతుండగా కొమ్మలు గొడుగులై నీడ పట్టడం చూసి కృష్ణుడు ఆ మాటలంటాడు. అంటే దాతృత్వమనే భావం కూడా మొదట ఒక ఎండలో, ఒక నీడ కింద పుట్టిందే. సుభాషితాలకు వచ్చేసరికి ఆ ఎండ మాయమైంది, నీతి మిగిలింది.

భర్తృహరి సుభాషితంలో, దానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగులో, ఈ మార్పు మరింత స్పష్టం. ఫలభారంతో వంగిన చెట్టు, నీటిబరువుతో కిందికి దిగిన మేఘం, సంపద కలిగినా ఒదిగి ఉండే సజ్జనుడు వరుసగా నిలుస్తారు. చివరి సామాన్యవాక్యం వారందరినీ ఒక్క గుణానికి కట్టివేస్తుంది. అర్థాంతరన్యాసంగా అది నిర్దుష్టం. కాని అందులోని చెట్టుకు ఒక్క నెలే ఉంది, అది కాయ పండిన నెల. కాపు దిగిపోయాక అదే కొమ్మ తిరిగి పైకి లేస్తుంది. అప్పుడు చెట్టు గర్వించిందని ఎవరూ అనరు. గెలలు నిండుగా వేసుకొని కూడా నిటారుగా నిలిచే తాటిచెట్టును ఈ సుభాషితం ఏ వర్గంలో చేర్చగలదో చెప్పడం కష్టం. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఎన్నో కుటుంబాలకు తరతరాలుగా కూడు పెట్టింది ఆ వంగని చెట్టే.

వేమన మరో మార్గం పట్టాడు. వేరుపురుగు సోకి పడిపోయే చెట్టు ఆయనకు కుత్సితుడి చేతిలో చెడే గుణవంతుడికి పోలిక. అక్కడ చెట్టు గురువు కాదు, బాధితుడు. ఈ భిన్నత్వాన్ని గుర్తిస్తే శేషప్ప స్థానం అర్థం చేసుకోవడం సులభమవుతుంది.

శేషప్ప ధర్మపురి నివాసి. మల్యాల మండలంలోని కొండగట్టు గుట్టల నుంచి ధర్మపురి గోదావరి ఒడ్డు దాకా ఉన్న నేల, 2016 వరకు కరీంనగర్ జిల్లాలోనిది, నేడు జగిత్యాల జిల్లాలోనిది. ఇది ఆకురాల్చు అడవుల సీమ. టేకు వేసవిలో ఆకంతా వదిలేసి తొలకరి దాకా మోడై నిలుస్తుంది. మోదుగ ఒంటిమీద ఆకు లేని ఫాల్గుణంలో నిప్పుకణికల్లాంటి పూలు పూస్తుంది. ఇక్కడి మనిషికి చెట్టు ఏడాది పొడుగునా పచ్చగా కనిపించే వస్తువు కాదు. కవి తన శతకం ఆరంభంలోనే తాను గణ యతి ప్రాసల లక్షణం చూడలేదనీ, పంచకావ్యాలు పఠించలేదనీ, అమరం శోధించలేదనీ విన్నవించుకొన్నాడు. ఇది వినయోక్తి అని కొట్టివేయడానికి వీలున్నా, ఆయన చెట్టు పంచకావ్యాల ఋతువర్ణనల నుంచి దిగుమతి అయినది కాదన్న మాటకు ఇది కొంత బలమిస్తుంది.

చర్చనీయమైన సీసంలో కవి నరసింహునికి ప్రశ్నల వరుస వేస్తాడు. అడవిపక్షికి తిండి, మృగానికి మేత, కడుపులోని శిశువుకు పోషణ, తుమ్మెదకు మకరందం, పశువుకు పచ్చిగడ్డి ఎవరు సమకూర్చారని అడుగుతాడు. అదే వరుసలో చెట్లకు నీరు పోసినదెవరని అడుగుతాడు. ఎత్తుగీతి జవాబు చెబుతుంది: జీవకోటిని పోషించే దాత దైవమొక్కడే, వెదికినా మరొకడు లేడు. ఈ జాబితాలో చెట్టు పక్షి పక్కన, పశువు పక్కన, గర్భస్థశిశువు పక్కన నిలిచింది. ఇచ్చేవారి వరుసలో కాదు, పుచ్చుకొనేవారి వరుసలో. భాగవతంలోని దాత ఇక్కడ అర్థి అయింది.

పద్యంలోని ఒక క్రియను ప్రత్యేకంగా పరిశీలించాలి. నీరు పోయడానికి కవి వాడిన మాట ‘చేదడం’. వాన కురిపించడం గాని, కాలువ పారించడం గాని ఆయన చెప్పలేదు. చేంతాడుకు చేద కట్టి బావిలోకి వదిలి, నిండాక చేతులతో పైకి లాగే పని అది. ఈ ప్రాంతంలో పొలానికి నీరు పెట్టేది మోట, చేదబావి ఇంటివాడకానిది. కనుక ఆ క్రియ పాఠకుడి మనస్సుకు తెచ్చేది పొలం కాదు, వాకిట్లో తులసికోట, పెరట్లో పూలమొక్క. పొద్దున్నే నాలుగు చేదల నీళ్లు తోడి పెరటి మొక్కకు పోసే మనిషిని తలపింపజేసి, ఆ మనిషి లేని అడవిలో ఆ పని ఎవరు చేశారని కవి అడుగుతున్నాడు. జాబితాలో మానవకర్మను సూచించే ప్రశ్న ఇంకొకటి ఉంది, పాముకు పాలు పోయడం. అది నాగులచవితి నాటి ఆచారం, ఏడాదికొకసారిది. నీరు చేదడం నిత్యశ్రమ. భుజాల నొప్పి తెలిసినవాడు మాత్రమే ఎన్నుకోగల మాట అది. అడవికంతటికీ నీరు చేదవలసివస్తే ఎన్ని చేతులు కావాలో ఊహింపజేయడంలోనే పద్యం బలముంది.

పద్యంలో ఋతువు పేరు లేదు. కాని ఈ ప్రశ్న వానాకాలంలో పుట్టదు. మొక్కకు నీరు చేదవలసిన అగత్యం ఎండాకాలపుది. ఎవరూ చేదకుండానే గుట్టమీద చెట్టు బతికి ఉండడం ఆశ్చర్యంగా తోచేదీ ఆ కాలంలోనే. ఆ నాలుగు నెలలు ఆకురాల్చు చెట్టు చేసే పని నీరు ఖర్చు కాకుండా చూసుకోవడం. ఆకును వదులుకొని ప్రాణాన్ని నిలుపుకొంటుంది. దానంగా కనిపించే ఆకురాలుడు నిజానికి పొదుపు. దాతృవృక్షదృష్టాంతానికి ఈ వాస్తవం ఇరుకున పెట్టేది. గ్రహీతృవృక్షానికి మాత్రం సహజంగా సరిపోతుంది.

ఈ సీసాన్ని అదే శతకంలోని మరో ప్రసిద్ధ పద్యంతో కలిపి చదివితే విషయం ఇంకొంత తేటపడుతుంది. తల్లి కడుపు నుంచి ఎవడూ ధనం తేడనీ, పోయేనాడు అది వెంటరాదనీ, లక్షలున్నవాడూ తినేది అన్నమే కాని బంగారం కాదనీ చెప్పే ఆ పద్యం చివర తేనెటీగలు వస్తాయి. అవి దాచిన తేనె బాటసారుల పాలవుతుంది. రెండు పద్యాల్లోనూ కనిపించే ప్రాణి తుమ్మెదజాతిది. మొదటిదానిలో అది మకరందాన్ని దైవప్రసాదంగా పొందింది. రెండోదానిలో పొందినదాన్ని కూడబెట్టి పోగొట్టుకొంది. తేనెను కూడబెట్టేవాడికి చేసిన ఈ పోలిక శేషప్ప సొంతం కాదు. భాగవత ఏకాదశస్కంధంలో అవధూత తన ఇరవైనలుగురు గురువులను చెప్పే సందర్భంలో లోభి సొమ్మును తేనెపట్టుతో పోల్చాడు. గ్రంథాలు చదవలేదన్న కవికి పురాణశ్రవణం పుష్కలంగా ఉందని దీనివల్ల ఊహించవచ్చు. అదే అవధూత చెట్టు నుంచి పరార్థజీవనం నేర్చానన్నాడు. శేషప్ప తేనెటీగను తీసుకొని, చెట్టు పాఠాన్ని మాత్రం తీసుకోలేదు. ఈ ఎంపిక బుద్ధిపూర్వకమా కాదా అన్నది తేల్చడం సాధ్యం కాకపోయినా, ఫలితం పద్యంలో ఉంది: కూడబెట్టేది ఈగ, అవసరానికి పుచ్చుకొని కాలం గడిపేది చెట్టు.

ఋతువులే గురువులైన చోటు భాగవతంలో మరొకటి ఉంది. వ్యాసుని దశమస్కంధం 20వ అధ్యాయం వర్షాన్నీ శరత్తునూ వర్ణిస్తుంది. ఎండలకు చిక్కిపోయిన చెట్లు వేళ్లతో నీరు తాగి తిరిగి నిండుగా అవుతాయి, తపస్సు ఫలించిన సాధకుల్లాగా. శరత్తులో చెరువు నీరు రోజురోజుకూ తగ్గుతున్నా మడుగులోని చేప గుర్తించదు, తరిగిపోయే ఆయువును గుర్తించని సంసారిలాగా. రైతు గట్టి కట్టలతో పొలంలో నీరు నిలుపుతాడు, ఇంద్రియాల నుంచి జ్ఞానం జారిపోకుండా కాచుకొనే యోగిలాగా. సుభాషితానికీ ఈ వర్ణనకూ ఉన్న భేదం అలంకారశాస్త్రరీత్యా ముఖ్యమైనది. సుభాషితంలో ప్రస్తుతం మనిషి. చెట్టు అతనికి సాక్ష్యం చెప్పి వెళ్లిపోతుంది. ఇక్కడ ప్రస్తుతం చేప, చెట్టు, కట్ట; సంసారీ సాధకుడూ యోగీ ఉపమానాలు. నీతి ప్రకృతికి నగలా అమరింది, ప్రకృతి నీతికి నౌకరు కాలేదు. అందుకే ఆ చేపను చదివినవారికి చెరువు కూడా గుర్తుండిపోతుంది. చెరువుల మీద బతికిన సీమలో ఆ ఉపమకు వ్యాఖ్య అక్కరలేదు.

లోకోక్తిలోనూ ఈ కాలస్పృహ ఉంది. పండుటాకును చూసి పసరాకు నవ్వినట్లు అన్న సామెతలో పాఠం చెప్పేది చెట్టు కాదు, రెండు ఆకుల మధ్య ఉన్న కొద్ది నెలల ఎడం. బతుకమ్మ పండుగ దీనిని ఆచారంగా మార్చింది. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ వరకు పేర్చే ప్రధానమైన పూలు గునుగు, తంగేడు. ఒకటి చేలల్లో కలుపుగా మొలిచేది, ఒకటి బీళ్లలో పెరిగేది. రెండింటికీ ఎవరూ నీరు చేదలేదు. శేషప్ప ప్రశ్నలోని చెట్ల కోవకు చెందిన పూలనే ఈ సీమ స్త్రీలు దేవతగా పేర్చి, ఆడి, చెరువులో విడిచిపెడతారు. బంతి, చామంతి తరువాత చేరతాయి.

ఆధునిక కవిత్వంలో ఈ సంబంధం తలకిందులైంది. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి ఋతుచక్రం పేరుతోనే కావ్యం రాసినవాడు. ఆయనకు 1988 జ్ఞానపీఠ పురస్కారం తెచ్చిన విశ్వంభర (1980)లో నాయకుడు మానవుడు, నేల అతనికి రంగస్థలం. శేషప్పకు దాత దైవమొక్కడే, మనిషీ చెట్టూ ఒకే పంక్తిలో కూర్చున్న అతిథులు. సినారెకు మనిషే కర్త. మనిషి పూనికను గుర్తించడంలో విశ్వంభర సాధించినది గొప్పది. అయితే రంగస్థలంగా మారిన ప్రకృతి ప్రశ్న అడగలేదు, అడిగించుకోనూ లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపానికి తావుంది. శేషప్ప పద్యం భక్తిపద్యం. మకుటం నరసింహునిది, జాబితా మొత్తం ఆ మకుటం వైపే నడుస్తుంది. అందులోని చెట్టు మీద ఇంత భారం మోపడం న్యాయమా అని అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. పద్యప్రయోజనం దైవస్తుతి అన్నది కాదనలేనిది. దైవమే నీరు పోస్తాడన్న మాట మనిషిని చేతులు ముడుచుకొమ్మనే ఉపదేశంగా మారే ప్రమాదం కూడా లేకపోలేదు. కాని స్తుతికి కవి ఎన్నుకొన్న సామగ్రి స్తుతిలో కరిగిపోదు. దైవమహిమ చెప్పడానికి మేరువునూ సముద్రాన్నీ వాడుకోగలిగిన కవి చేదబావిని వాడుకొన్నాడు. దైవాన్ని కూడా చేంతాడు పట్టిన మనిషిగా ఊహించిన ఆ కల్పనలో శ్రమకు తక్కువతనం లేదు.

2015లో మొదలైన హరితహారం కింద ఈ మండలాల్లో రోడ్ల వెంట నాటిన మొక్కలకు ఎండాకాలంలో పంచాయతీ ట్రాక్టర్లు ట్యాంకర్లతో నీరు పోస్తున్నాయి. శేషప్ప ప్రశ్నకు అక్కడ జవాబు సులువు: పోసింది ట్యాంకరు మీది కూలీ. పోయడం మానితే ఆ మొక్క మొదటి వేసవి దాటడం కష్టం. అదే రోడ్డు కొండగట్టు వైపు తిరిగాక గుట్ట మీద మోదుగ ఉంటుంది, దాని జోలికి ఏ ట్యాంకరూ పోదు. ఫాల్గుణంలో ఆకు లేకుండానే పూస్తుంది.