కాంటా ఎవరి చేతిలో ఉంది

కేసముద్రం మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు ఒక సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. తేమ ఎంతో, తాలు ఎంతో కొనేవాడే తేల్చి, ధర కూడా కొనేవాడే చెప్తే మునిగేది ఎవరో అతనికి తెలుసు. అందుకే ధాన్యానికి 17 శాతం తేమ అని ముందే హద్దు గీశారు, మీటరు పెట్టి చూడాలన్నారు. బంగారం విషయంలోనూ అంతే. 2021 జూన్‌లో హాల్‌మార్క్ తప్పనిసరి చేయడం మొదలుపెట్టినప్పుడు ముద్ర వేసే పని నగల దుకాణాలకు కాక వేరే కేంద్రాలకు అప్పగించారు. పాత నాణేల దగ్గరికి వచ్చేసరికి ఈ ఇంగితం ఎటో పోతుంది. జనగామలోనో భూపాలపల్లిలోనో తాతల పెట్టెలో దొరికిన వెండి రూపాయి అసలుదేనా, ఎంత బాగుంది, ఎంత చేస్తుంది అనే మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పేది దాన్ని కొనబోయేవాడే. ఇది మారాలి.

మానుకోట ఎవరి పేరు మీద మహబూబాబాద్ అయిందో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు హాలీ రూపాయినే తీసుకుందాం. 1903లో సైఫాబాద్ టంకశాల మొదలయ్యాక చార్మినార్ బొమ్మతో, యంత్రాల మీద అచ్చయిన నాణెం అది. బరువు దాదాపు 11.18 గ్రాములు, అందులో వెండి సుమారు 82 శాతం. చార్మినార్ గుమ్మంలో ఆవగింజంత మీమ్ అక్షరం ఉంటుంది, మహబూబ్ పేరులో మొదటిది. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అదే గుమ్మంలోకి ఐన్ వచ్చింది. తొలి నాణేల మీద ఆ అక్షరం సగమే ఉంటుంది, తర్వాతి వాటిలో నిండుగా ఉంటుంది. సేకరించేవాళ్ళు ఈ రెంటినీ వేర్వేరు రకాలుగా లెక్కిస్తారు. ఇక భూతద్దం కింద పెడితే మినార్ల అంచులు ఎంత అరిగాయో తెలుస్తుంది. బొమ్మ లేని చోట సన్నటి గీతలు ఒకే వైపుకు సాగి కనిపిస్తే ఎవరో చింతపండు పెట్టి గట్టిగా తోమారన్నమాట. పండక్కి సామాను తోమినట్టు నాణాన్ని తోమితే మెరుపు వస్తుంది, విలువ పోతుంది. అమ్మేవాడు మెరుపు చూపిస్తాడు, కొనేవాడు గీతలు చూపిస్తాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ బేరంలో వాటా లేని మూడో మనిషి అవసరం అక్కడే.

అమెరికాలో ఈ పనికి ఒక పద్ధతి ఏర్పడింది. పాత అమెరికన్ సెంట్ల కోసం విలియం షెల్డన్ 1949లో 1 నుంచి 70 దాకా ఒక కొలత తెచ్చారు. 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడు ఎన్‌జీసీ అనే సంస్థలు పుట్టి, నాణాన్ని పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇవ్వడం మొదలుపెట్టాయి. ఒకే నాణాన్ని రెండుసార్లు పంపితే రెండు అంకెలు వస్తాయని విమర్శ ఉంది. నిజమే, వస్తాయి. 62కీ 63కీ మధ్య తేడా మనిషి కంటిచూపుది. కానీ బరువు, వెండి పాలు, అచ్చు, తోమిన గీతలు పరీక్షకు నిలిచే సంగతులు. పల్లెలో మోసం జరిగేది ఎక్కువగా వీటి దగ్గరే. సీలు పెట్టెలకే నకిలీలు వచ్చాయన్నదీ నిజం. అందుకే పెట్టె మీది నంబరును సంస్థ రికార్డుతో, ఫొటోతో సరిచూసుకోవాలి. మామూలు హాలీ రూపాయికి ఆ ఫీజు గిట్టదనే మాటను నేనూ ఒప్పుకుంటాను. ప్రతి బిళ్ళకూ సర్టిఫికేట్ అక్కర్లేదు. పరీక్షించిన కొన్నిటి ఫొటోలు అందరికీ అందుబాటులో ఉంటే మిగతావాళ్ళు తమ నాణాన్ని వాటి పక్కన పెట్టి చూసుకోగలరు.

అసలు చిక్కు వేరే ఉంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం దేశం దాటించే హక్కు మామూలు మనిషికి లేదు. మహబూబ్ అలీ ఖాన్ రూపాయిలన్నీ ఆ వయసు దాటేశాయి. కాబట్టి పరీక్ష ఇక్కడే జరగాలి. 2022లో మ్యూజియంగా తలుపులు తెరిచిన సైఫాబాద్ టంకశాలకు మించిన చోటు నాకు తోచడం లేదు. అక్కడ ఇచ్చే కాగితంలో అమెరికా పెట్టెలు అడగని ఒక గడి కూడా ఉండాలి: ఎక్కడ దొరికింది? 2021 ఏప్రిల్‌లో జనగామ పక్కన పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి నగల బిందె బయటపడింది. అధికారులు స్వాధీనం చేసుకున్నారు కాబట్టి ఆ నగలది ఏ ఊరో రేపు కూడా తెలుస్తుంది. కోటిలింగాలలో ఏరిన శాతవాహన నాణేలు చరిత్రను కదిలించింది కూడా అవి దొరికిన నేల తెలియడం వల్లే. భూపాలపల్లి పొలంలో రేపు ఒక కాకతీయ గద్యాణం నాగటికి తగిలితే చట్టప్రకారం ముందు కలెక్టరుకు చెప్పాలి. ఆ తర్వాత దానికి 50 అంకె వేసినా 60 వేసినా, ఆ పొలం పేరు దాంతోపాటు కాగితం మీదికి ఎక్కాలి.