ఏనుగు బిళ్ళతో మొదలుపెట్టండి

నందిదుర్గానికి దక్షిణాన బెంగళూరు, ఉత్తరాన గుత్తి, ఈశాన్యాన గుర్రంకొండ. మూడూ కోటలే. టిప్పు సుల్తాను కాలంలో మూడుచోట్లా టంకశాలలు నడిచాయి. గుత్తికి ఆయన ఫైజ్ హిసార్ అని, గుర్రంకొండకు జఫరాబాద్ అని పేర్లు పెట్టాడు. అక్కడ కొట్టిన రాగి బిళ్ళల మీద ఆ పేర్లే ఫారసీ లిపిలో కనిపిస్తాయి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలు సరిగ్గా ఈ మూడు ఊళ్ళ నడుమ ఉన్నాయి. అందుకే ఈ వైపు ఎవరైనా నాణేలు పోగుచెయ్యాలని ఉందంటే నేను చెప్పేది ఒకటే. బంగారు వరహాల జోలికి పోకండి, దేశదేశాల బిళ్ళలు కలిపి అమ్మే పొట్లాలు కొనకండి. మన చుట్టుపక్కల చెల్లిన రాగితో మొదలుపెట్టండి.

వరహాలు బాగుండవని కాదు. హైదర్ అలీ వేయించిన బహదూరీ వరహా చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇక్కేరి నాయకుల నాణెం మీద ఉన్న పార్వతీపరమేశ్వరులను ఆయన అలాగే ఉంచి, వెనకవైపు తన పేరులోని మొదటి అక్షరం ఒక్కటి వేయించాడు. అలవాటైన బొమ్మ ఉన్న బిళ్ళనే వర్తకుడు నమ్ముతాడని ఆయనకు తెలుసు. కానీ ఎత్తు చూస్తే మూడున్నర గ్రాములకు లోపే, ధర మాత్రం ఆకాశంలో. పైగా నకిలీలు ఎక్కువ. చేతికి, కంటికి అలవాటు పడకముందే బంగారం కొంటే మోసపోవడం ఖాయం. అరిగిన టిప్పు పైసా అయితే కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, నేర్పేది మాత్రం చాలా.

దానికి ఒకవైపు ఏనుగు, రెండోవైపు టంకశాల పేరు. ఏనుగు కుడికి చూస్తోందా ఎడమకా, తొండం ఎత్తిందా దించిందా, వీపు మీద జెండా ఉందా, ఇవన్నీ గమనించాలి. టిప్పు మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండనీ, అంత చిన్న రాగి ముక్క మీద ఏనుగు నడకను దించిన ఆ పనివాళ్ళ చెయ్యి గొప్పది. టంకశాల పేరు చదవడానికి ఫారసీ పండితులు కానక్కరలేదు. కొట్టిన చోటు అని చెప్పే ‘జర్బ్’ అనే మాట, శ్రీరంగపట్నానికి ‘పటన్’, బిదనూరుకు ‘నగర్’, మన గుత్తి ‘ఫైజ్ హిసార్’. ఈ ఆకారాలు గుర్తుపడితే సగం బిళ్ళలకు ఊరు దొరికినట్టే.

అసలు తిరకాసు సంవత్సరం దగ్గర వస్తుంది. 1787 ప్రాంతంలో టిప్పు హిజ్రీ లెక్క వదిలేసి మౌలూదీ అనే కొత్త శకం తెచ్చాడు. అంతటితో ఆగక అంకెలను కుడి నుంచి ఎడమకు వేయించాడు. బిళ్ళ మీద 5121 అని కనిపిస్తే అది 1215. కొత్తగా చేరినవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. 9121 అని ఉన్న బిళ్ళ దొరికితే ఈ ప్రాంతం వాళ్ళు దాన్ని పక్కన పెట్టుకోవాలి. అది మౌలూదీ 1219, అంటే 1791-92. కారన్‌వాలిస్ నాయకత్వంలోని ఇంగ్లీషు సేన నందిదుర్గం ఎక్కింది ఆ ఏడే, 1791 అక్టోబరులో.

ఇంకో హెచ్చరిక. ఏనుగు కనిపించగానే టిప్పు బిళ్ళ అనేస్తారు కొందరు, అమ్మేవాళ్ళు మరీను. ఏనుగు తలకాడు గంగుల లాంఛనం, ఈ నేలకు పాత గుర్తు. 1799లో టిప్పు పోయాక మూడో కృష్ణరాజ ఒడెయరు రాగి మీదా ఏనుగే నడిచింది. పైన సూర్యచంద్రులు, ‘శ్రీ’ ఉంటే అది ఒడెయరుది. తరవాత ఏనుగు స్థానంలోకి సింహం వచ్చింది. ఆ సింహం బిళ్ళల మీద ‘మయిలి కాసు’ అని కన్నడలో, విలువ ఇంగ్లీషులో, ఊరి పేరు ఫారసీలో ఉంటాయి. తెలుగు చదివినవాడికి ఆ కన్నడ అక్షరాలు కష్టం కాదు, కాబట్టి ఫారసీకి భయపడేవాళ్ళు వీటితోనే మొదలుపెట్టవచ్చు. మైసూరు టంకశాల 1843లో మూతపడింది. ఆపైన అంతా కుంపిణీ రూపాయలే.

అరిగిన బిళ్ళను చదవడానికి ఒక ఉపాయం ఉంది. ఎదురు వెలుతురులో పెట్టకండి, కిటికీ పక్కన వాలుగా పట్టుకుని మెల్లగా తిప్పండి. గీతలకు నీడ పడి అక్షరం లేస్తుంది. అప్పటికీ తేలకపోతే పలచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దండి. పదింతలు చేసి చూపే భూతద్దం, నగల అంగళ్ళలో వాడే చిన్న త్రాసు, ఒక అయస్కాంతం ఉంటే చాలు. 1835 నుంచి 1939 దాకా వచ్చిన వెండి రూపాయి 11.66 గ్రాములు. అరిగితే కొంచెం తగ్గుతుందే గాని తొమ్మిదికి దిగదు, అయస్కాంతానికి అంటదు. 1947 నాటి పులిబొమ్మ రూపాయి అంటుతుంది. అది నకిలీ అయి కాదు, యుద్ధం వల్ల వెండి పోయి నికెల్ వచ్చింది గనక. అంచు మీద అతుకు గుర్తు కనిపిస్తే ఎవరి మెడలోనో కాసులపేరులో ఉండి వచ్చిందన్నమాట. సేకరించేవాళ్ళు దానికి ధర తగ్గిస్తారు. నాకైతే అలాంటివే ఇష్టం.

చింతపండు మాత్రం దూరంగా ఉంచండి. మన ఇళ్ళలో రాగి కనిపిస్తే చాలు, చింతపండు, ఉప్పు వేసి తోమడం రక్తంలో ఉంది. చెంబుకు అది మంచిదే. బిళ్ళ మీద రెండు వందల ఏళ్ళకు పట్టిన నల్లటి పొర దానికి రక్షణ. తోమితే పొరతో పాటు సన్నని గీతలూ పోతాయి, మెరుపు మిగులుతుంది, విలువ పోతుంది. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోవాలి. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్ళకు పచ్చటి జిగురు పడుతుంది. మామూలు అట్ట మధ్య మైలార్ కిటికీ ఉన్న హోల్డర్లు మేలు. ప్రతి బిళ్ళకూ ఎప్పుడు, ఏ ఊళ్ళో, ఎంతకు దొరికిందో ఒక పుస్తకంలో రాయండి. గుత్తిలో కొట్టిన పైసా చింతామణిలో దొరికిందని తెలియడమే ఆ పైసా నడిచిన దారికి సాక్ష్యం.

దుడ్డు పెట్టలేనివాళ్ళకు అవ్వ పెట్టె ఉండనే ఉంది. 1943లో మొదలైన చిల్లు కానీలు, బేడలు, 1957 ఏప్రిల్ నుంచి వచ్చిన నయా పైసలు అందులో ఉంటాయి. జేబులో చిల్లర కూడా పనికొస్తుంది. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు, డైమండు ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. 1985 రూపాయి కింద ‘హెచ్’ కనిపిస్తే అది బర్మింగ్‌హాంలో కొట్టించింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ళకు లక్షలిస్తామనే ఫోన్లు వస్తే నమ్మకండి. పాత నోట్లు, నాణేల పేరుతో తన పేరు వాడుకుని ఫీజులు అడుగుతున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది.

వానకు మన్ను కొట్టుకుపోయి పొలంలో కుండెడు బిళ్ళలు బయటపడితే అది సేకరణ కిందికి రాదు. నిధుల చట్టం 1878 నుంచి ఉంది. భూమిలో దొరికినదాన్ని అధికారులకు చెప్పాల్సిందే. అలా చెప్పబట్టే 1891లో యశ్వంతపురం దగ్గర బయటపడ్డ రోమన్ వెండి దీనారాల సంగతి ఈనాడు మనకు తెలుసు. 1972 చట్టం ఇంకోటి. నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న మనవడికి ఏనుగు బిళ్ళ పంపాలని ఏ తాతకైనా అనిపిస్తే కుదరదు. పిల్లవాడే సెలవులకు వచ్చి, కిటికీ పక్కన కూర్చుని తిప్పి చూసుకోవాలి.